పాత కంప్యూటర్లతో ఇంట్లో క్లస్టర్: వేటిని కలపాలి, వేటిని పక్కన పెట్టాలి

వాడకం మానేసిన డెస్క్‌టాప్‌లు, స్క్రీన్ పోయిన ల్యాప్‌టాప్‌లు, విడి మదర్‌బోర్డులు నాలుగైదు పోగయ్యాక వాటన్నిటినీ కలిపి ఒకే పనికి పెడితే బాగుంటుందనిపిస్తుంది. మంచి ఆలోచనే. 1994లో నాసా గొడార్డ్ సెంటర్‌లో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు 486 డీఎక్స్4 ప్రాసెసర్లను ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్ (ఒకే పనికి కలిపిన కంప్యూటర్ల గుంపు) కట్టారు. ఇప్పటి ఇంటి క్లస్టర్లన్నీ ఆ దారిలో వచ్చినవే. కాకపోతే మెషిన్ల సంఖ్య పెరిగినకొద్దీ వేగం దానంతటది పెరగదు. ఏవి కొనాలి, ఏవి ఉంచుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి అన్న ప్రశ్నలన్నీ ఒక్క ప్రశ్న దగ్గర తేలతాయి: మీ పనిని ముక్కలు చేశాక ఆ ముక్కలు ఒకదానితో ఒకటి ఎంత తరచుగా మాట్లాడుకోవాలి?

ముందు పని ఏదో తేల్చుకోండి

బ్లెండర్‌లో యానిమేషన్ ఫ్రేములు రెండర్ చేయడం, వీడియోలను వేరే ఫార్మాట్‌లోకి మార్చడం, ఒకే ప్రోగ్రామును వందల రకాల విలువలతో నడిపి చూడటం, బోయింక్ ద్వారా పరిశోధన ప్రాజెక్టులకు కంప్యూటర్ సమయం ఇవ్వడం లాంటి పనుల్లో ఒక ముక్క సంగతి ఇంకో ముక్కకు అక్కర్లేదు. ఇక్కడ ఆరు మెషిన్లు పెడితే దాదాపు ఆరు మెషిన్ల పనీ దక్కుతుంది. 100 మెగాబిట్ నెట్‌వర్క్ ఉన్నా నడిచిపోతుంది. రకరకాల ప్రాసెసర్లు కలిసినా ఇబ్బంది లేదు, నెమ్మదిగా నడిచేది తక్కువ ముక్కలు తీసుకుంటుంది. పాత సామానుకు ఇంతకంటే అనువైన పని లేదు.

ద్రవ ప్రవాహ సిమ్యులేషన్లు, అణువుల కదలికల లెక్కలు, పెద్ద మాత్రికల గణితం వేరే కోవకు చెందుతాయి. వీటిలో ప్రతి అడుగుకీ పక్క నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో మెషిన్) ఫలితం వచ్చేదాకా మిగతావన్నీ ఆగాలి. సొంత ర్యామ్ నుంచి ఒక విలువ తెచ్చుకోవడానికి 100 నానోసెకన్లు పడుతుందనుకుంటే, గిగాబిట్ ఈథర్‌నెట్ మీద పక్క మెషిన్ నుంచి తెచ్చుకోవడానికి 100 మైక్రోసెకన్ల స్థాయిలో పడుతుంది. వెయ్యి రెట్లు తేడా. పైగా అందులో ఒక్క నెమ్మది మెషిన్ ఉంటే మొత్తం క్లస్టర్ దాని వేగానికే దిగుతుంది. అందుకే ఇలాంటి పనికి ఒకే మోడల్ మెషిన్లు నాలుగు ఉండటం, కలగాపులగంగా పది ఉండటం కన్నా మేలు.

1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన, ముక్కలు చేయలేని భాగమే మొత్తం వేగానికి హద్దు అనే సూత్రాన్ని ఇక్కడ ఒకసారి అంకెలతో వేసి చూడాలి. ప్రోగ్రాములో 5 శాతం భాగం ముక్కలు కాదనుకుందాం. 4 నోడ్లతో వేగం 3.5 రెట్లు అవుతుంది. 8 నోడ్లతో 5.9 రెట్లు. 16 నోడ్లు పెట్టినా 9.1 రెట్లే. ఎన్ని వందలు పెట్టినా 20 రెట్లు దాటదు. నెట్‌వర్క్ జాప్యాన్ని ఇందులో కలపనేలేదు. ఇంట్లో కట్టే క్లస్టర్‌కి నాలుగు నుంచి ఆరు నోడ్లు చాలనడానికి ఇదే పెద్ద కారణం.

ఈ మధ్య చాలామంది అడుగుతున్నది, పాత మెషిన్లు కలిపి చాట్‌బాట్ల వెనకుండే ఏఐ భాషా నమూనాలు నడపవచ్చా అని. నడపవచ్చు, కానీ వేగం కోసం కాదు. ఒక్కో పదాంశం (టోకెన్) పుట్టించడానికి నమూనా బరువులన్నిటినీ, అంటే దానిలో దాచిన అంకెలన్నిటినీ, మెమరీ నుంచి ఒకసారి చదవాలి. రెండు ఛానెళ్ల డీడీఆర్3-1600 మెమరీ సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు ఇస్తుంది. 4 గిగాబైట్ల నమూనా అయితే సెకనుకు ఆరు పదాంశాలు పైహద్దు. నమూనా పొరలను నాలుగు మెషిన్లకు పంచినా ఒక పొర పూర్తయ్యాకే తర్వాతి పొర మొదలవుతుంది కనుక ఒక్క సంభాషణకు ఆ హద్దు మారదు. ఒకే మెషిన్‌లో పట్టని పెద్ద నమూనాను ఎలాగోలా ఎక్కించడానికి మాత్రం పంపకం పనికొస్తుంది.

ఏ ప్రాసెసర్ ఉంచుకోవాలి

పాత ప్రాసెసర్లను పోల్చేటప్పుడు గిగాహెర్ట్జ్ చూస్తే మోసపోతాం. చూడాల్సింది ఒక్కో సైకిల్‌లో ఎన్ని లెక్కలు చేస్తుందన్నది. డబుల్ ప్రెసిషన్ (64 బిట్ల దశాంశ) లెక్కల్లో ఇంటెల్ కోర్ 2 తరం ఒక్కో కోర్‌కి సైకిల్‌కు 4 చేస్తుంది. ఒకే ఆదేశంతో చాలా లెక్కలు చేసే ఏవీఎక్స్ వచ్చిన శాండీ బ్రిడ్జ్, ఐవీ బ్రిడ్జ్ తరాలు 8 చేస్తాయి. 2013లో ఏవీఎక్స్2తో వచ్చిన హాస్‌వెల్ నుంచి 16. దీన్ని కోర్ల సంఖ్యతో, గిగాహెర్ట్జ్‌తో గుణిస్తే సిద్ధాంతరీత్యా గరిష్ఠ వేగం గిగాఫ్లాప్స్‌లో (సెకనుకు వంద కోట్ల లెక్కల్లో) వస్తుంది:

కోర్ 2 డ్యుయో ఈ8400: 24 గిగాఫ్లాప్స్, 65 వాట్లు
కోర్ ఐ5-3470 (ఐవీ బ్రిడ్జ్): 102 గిగాఫ్లాప్స్, 77 వాట్లు
కోర్ ఐ5-4590 (హాస్‌వెల్): 211 గిగాఫ్లాప్స్, 84 వాట్లు
కోర్ ఐ5-6500 (స్కైలేక్): 205 గిగాఫ్లాప్స్, 65 వాట్లు
రైజెన్ 5 3600: 346 గిగాఫ్లాప్స్, 65 వాట్లు

వాట్లు తయారీదారు చెప్పే టీడీపీ (ప్రాసెసర్ పుట్టించే వేడి అంచనా), గోడ ప్లగ్ దగ్గర లాగే కరెంటు ఇంతకన్నా ఎక్కువ. అయినా పోలిక స్పష్టంగానే ఉంది. ఒక ఐ5-4590 చేసే పనికి కోర్ 2 డ్యుయోలు తొమ్మిది కావాలి. 84 వాట్లకు బదులు 585 వాట్లు, తొమ్మిది పవర్ సప్లైలు, తొమ్మిది కేబుళ్లు, తొమ్మిది చోట్ల పాడయ్యే అవకాశం. ప్రోగ్రాములు కంపైల్ చేయడం లాంటి పూర్ణాంకాల పనుల్లో తేడా ఇంత పెద్దగా ఉండదు, కానీ ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ కూడా పాత తరాలను వదిలేస్తోంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9కి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ4.2 ఆదేశాలు కావాలి, కోర్ 2లో అది లేదు. అదే లినక్స్ 10వ వెర్షన్‌కి ఏవీఎక్స్2 ఉండాలి. టెన్సర్‌ఫ్లో తయారు ప్యాకేజీలు 1.6 వెర్షన్ నుంచే ఏవీఎక్స్ అడుగుతున్నాయి. కాబట్టి గీత ఇలా గీసుకోండి: కోర్ 2 తరాన్ని లెక్కల పనికి పెట్టవద్దు, ఐవీ బ్రిడ్జ్ దాకా ఉన్నవి నేర్చుకోవడానికి బాగుంటాయి, హాస్‌వెల్, ఆపై తరాల చుట్టూ క్లస్టర్ కట్టండి. ఇందులో ఒక మెలిక ఉంది. అదే తరం పెంటియమ్, సెలెరాన్ పేర్లతో వచ్చిన డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఏవీఎక్స్ తీసేశారు. సాకెట్ ఒకటే కదా అని తీసుకోకుండా లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ చూపించే ఫ్లాగుల్లో ఏవీఎక్స్2 ఉందో లేదో చూసుకోండి.

పాత గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఎన్విడియా కార్డుల మీద లెక్కలు నడిపే కుడా సాఫ్ట్‌వేర్ 12వ వెర్షన్‌తో కెప్లర్ తరం కార్డులకు, 13వ వెర్షన్‌తో మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరం కార్డులకు మద్దతు పోయింది. పాత డ్రైవర్, పాత లైబ్రరీల దగ్గరే ఆగిపోవడానికి సిద్ధమైతేనే వాటిని వాడండి.

డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా, విడి బోర్డా

ఆఫీసుల నుంచి ఒకే లాట్‌లో బయటికొచ్చే చిన్న సైజు డెస్క్‌టాప్‌లు అన్నిటికన్నా మంచి ఎంపిక. ఒకే మోడల్ నాలుగైదు దొరుకుతాయి, కనుక ఒకదాని ర్యామ్, ఫ్యాన్, బయోస్ సెట్టింగులు ఇంకొకదానికి సరిపోతాయి. ఐదు తీసుకుని నాలుగు నడపండి, ఐదోది విడిభాగాలకు ఉంచుకోండి. ఇబ్బంది పవర్ సప్లైతో వస్తుంది. చాలా బ్రాండెడ్ మెషిన్లలో మదర్‌బోర్డుకి వెళ్లే కనెక్టర్ మామూలు 24 పిన్నుల ఏటీఎక్స్ కాదు, 6, 8, 10, 14 పిన్నుల సొంత రకాలు. పవర్ సప్లై పోతే షాపులో దొరికే మామూలుది పట్టదు. మూత తీసి కనెక్టర్ చూసుకున్నాకే తీసుకోండి. అదే సమయంలో మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడండి. తల చదునుగా లేకుండా గుమ్మటంలా లేచినా, గోధుమరంగు జిగురులాంటిది కారినా ఆ బోర్డు బరువు పనిలో ఏదో ఒకరోజు ఊరికే రీస్టార్ట్ అవుతుంది. కారణం కోసం మీరు సాఫ్ట్‌వేర్‌లో వెతుక్కుంటూ ఉంటారు.

ల్యాప్‌టాప్‌ల బలం తక్కువ కరెంటు. పని లేనప్పుడు స్క్రీన్ ఆపితే 10 వాట్ల చుట్టుపక్కల లాగుతాయి, అదే పాత డెస్క్‌టాప్ 30 నుంచి 60 వాట్లు లాగుతుంది. మిగతావాటికి పనులు పంచుతూ రోజంతా ఆన్‌లో ఉండాల్సిన హెడ్ నోడ్‌కి ల్యాప్‌టాప్ బాగా నప్పుతుంది. బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా కాసేపు నిలబడుతుంది. కానీ గంటల తరబడి నూరు శాతం లోడ్ మోసేలా దాని ఫ్యాన్‌ను తయారు చేయలేదు. వేడెక్కగానే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, పై అంకెలన్నీ గాలికి పోతాయి. ఫ్యాన్ రెక్కల వెనుక హీట్‌సింక్ సందుల్లో పేరుకున్న దుమ్ము పొర తీసి, థర్మల్ పేస్ట్ మార్చాకే కొలవండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మరో మాట లేకుండా తీసేయండి. బ్యాటరీ లేకపోయినా, అడాప్టర్‌ను గుర్తుపట్టకపోయినా కొన్ని మోడళ్లు ప్రాసెసర్ వేగాన్ని బాగా కుదిస్తాయి. తీశాక ఒకసారి ఫ్రీక్వెన్సీ చూసుకోవాలి. మూత మూయగానే నిద్రపోకుండా సిస్టమ్‌డీ లాగిన్‌డీ సెట్టింగుల్లో హ్యాండిల్ లిడ్ స్విచ్‌ను ఇగ్నోర్‌గా మార్చండి. ఈథర్‌నెట్ పోర్టు లేని పలుచని మోడళ్లకు యూఎస్‌బీ 3 అడాప్టర్ వాడవచ్చు. యూఎస్‌బీ 2 పోర్టుకు పెడితే గిగాబిట్‌లో మూడో వంతే అందుతుంది.

విడి బోర్డులను చెక్క అరలో వరుసగా బిగించడం చూడటానికి బాగుంటుంది, చోటూ తక్కువ పడుతుంది. ప్రతి బోర్డు కింద కనీసం 6 మిల్లీమీటర్ల స్టాండాఫ్‌లు ఉండాలి, అడుగున టంకం పాయింట్లు దేనికీ తగలకూడదు. బోర్డుల మీదుగా ఒకే దిశలో గాలి వెళ్లేలా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పెట్టండి. కేసు లేనప్పుడు ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది కానీ వోల్టేజ్ రెగ్యులేటర్లకు గాలి అందక కాలిపోతాయి. ఒక పవర్ సప్లైతో రెండు బోర్డులు నడపాలన్న ఆశ వదులుకోండి. ఆన్ చేసే సంకేతం, స్టాండ్‌బై కరెంటు ఒక్కో బోర్డుకి విడిగా ఉండాలి, ఒక బోర్డు ఆఫ్ చేస్తే రెండోది పడిపోతుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే విడి బోర్డుల పద్ధతే వద్దు.

ఇక నాలుగో దారి, క్లస్టరే కట్టకపోవడం. మీకు కావలసింది ఫలితం త్వరగా రావడమే అయితే, పైన ఉన్న పట్టికలో మూడు ఐ5-3470లు కలిసి 307 గిగాఫ్లాప్స్, ఒక్క రైజెన్ 5 3600 నెట్‌వర్క్ గొడవే లేకుండా 346. అలాంటి మెషిన్ ఒకటి అందుబాటులో ఉంటే అదే సరైన జవాబు. క్లస్టర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి దాంట్లోనే 16 జీబీ ర్యామ్‌తో నాలుగు వర్చువల్ మెషిన్లు సృష్టించుకోవచ్చు. అయితే కేబుల్ వదులై ఒక నోడ్ మాయమైతే ఏమవుతుంది, గడియారాలు తప్పితే ఏది ముందు ఆగుతుంది, నెట్‌వర్క్ ఎక్కడ నిండుతుంది అన్నవి అసలు యంత్రాల మీదే అర్థమవుతాయి. నేర్చుకోవడం కోసం పాత మెషిన్లు కలపడంలో ఉన్న విలువ అది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

నెట్‌వర్క్

8 పోర్టుల మామూలు గిగాబిట్ స్విచ్, క్యాట్5ఈ కేబుళ్లు. నూటికి తొంభై ఇళ్లకు ఇంతకు మించి అక్కర్లేదు. వైఫై మీద క్లస్టర్ కట్టవద్దు. అందరూ ఒకే గాలిని పంచుకోవాలి, లేటెన్సీ (జాప్యం) నిలకడగా ఉండదు, ఎంపీఐ (నోడ్లు సందేశాలతో మాట్లాడుకునే పద్ధతి) పని మధ్యలో ఒక నోడ్ జారిపోతే పని మొత్తం కూలిపోతుంది.

కట్టాక ప్రతి జంట మధ్యా నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 నడపండి. 940 మెగాబిట్ల దాకా రావాలి. సరిగ్గా 94 దగ్గర ఆగిందంటే లింకు 100 మెగాబిట్‌కి పడిపోయింది. గిగాబిట్‌కి కేబుల్‌లో నాలుగు జతల తీగలూ కావాలి. రెండు జతలే ఉన్న చౌక కేబులైనా, క్లిప్పు విరిగి ఒక పిన్ను సరిగా తగలకపోయినా కార్డులు రెండూ చప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి, ఎక్కడా ఎర్రర్ కనిపించదు. ఈథ్‌టూల్ కమాండ్‌తో స్పీడ్ చూస్తే ఒక్క క్షణంలో తెలుస్తుంది. జంబో ఫ్రేములు (మామూలు కన్నా పెద్ద ప్యాకెట్లు) పెట్టాలంటే అన్ని కార్డులూ, స్విచ్చీ ఒకే పరిమాణాన్ని ఒప్పుకోవాలి. పాత కార్డులు చాలావరకు 9000 బైట్ల దాకా వెళ్లవు. చిన్న సందేశాలు వెళ్లి పెద్దవి వేలాడిపోయే వింత రోగం ఇక్కడే పుడుతుంది. 1500 దగ్గరే వదిలేయడం మేలు.

రెండు పోర్టులను బాండ్ చేస్తే, అంటే ఒకటిగా కలిపితే, వేగం రెట్టింపవుతుందని అనుకోవద్దు. మామూలు ఎల్ఏసీపీ పద్ధతిలో ఒక టీసీపీ ప్రవాహం ఒకే తీగ మీద వెళ్తుంది. రెండే మెషిన్ల మధ్య నిజంగా వేగం కావాలంటే సర్వర్ల నుంచి తీసిన 10 గిగాబిట్ ఎస్ఎఫ్‌పీ ప్లస్ కార్డులు రెండు, ఒక డీఏసీ కేబుల్ తీసుకుని స్విచ్ లేకుండా నేరుగా కలపండి. దానికి బోర్డులో ఎక్స్8 లేదా ఎక్స్16 పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఖాళీగా ఉండాలి.

డిస్క్ ఒక్కోదానికా, అసలు లేకుండానా

నోడ్లు ఆరు లోపు ఉంటే ఒక్కోదానికి చిన్న ఎస్ఎస్‌డీ పెట్టండి, 60 జీబీ చాలు. ఎనిమిది దాటితే డిస్క్ లేకుండా పీఎక్స్ఈ ద్వారా నెట్‌వర్క్ నుంచి బూట్ చేయడం సుఖం. ఒక్కచోట అప్‌డేట్ చేస్తే అన్నిటికీ అవుతుంది. దానికి బదులుగా హెడ్ నోడ్ పడితే అన్నీ పడతాయి, ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ విషయంలోనూ జాగ్రత్తపడాలి. ఇంటి రూటర్ ఇప్పటికే చిరునామాలు ఇస్తుంటే, నెట్‌వర్క్ బూట్ కోసం పెట్టే డీఎన్ఎస్‌మాస్క్‌ను ప్రాక్సీ పద్ధతిలోనే నడపాలి. లేదంటే ఇంట్లో ఫోన్లు కూడా క్లస్టర్ నుంచి చిరునామాలు తీసుకుని ఇంటర్నెట్ పోగొట్టుకుంటాయి. పెన్‌డ్రైవ్‌ల నుంచి శాశ్వతంగా నడపవద్దు, లాగ్ ఫైళ్లు రాసి రాసి కొన్ని నెలల్లో అవి చచ్చిపోతాయి.

పాత హార్డ్ డిస్కులు వాడితే డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌లో నాలుగు విలువలు చూడండి. 5, 197, 198 నంబర్లలో సున్నా కాకుండా ఏదున్నా ఆ డిస్క్ మీద ఏదీ దాచవద్దు. 199 పెరుగుతుంటే డిస్క్ కన్నా ముందు సాటా కేబుల్ మార్చి చూడండి.

ఒక ఎస్ఎస్‌డీ మీద అంతా ఇన్‌స్టాల్ చేసి మిగతావాటికి క్లోన్ చేయడం అందరూ చేసేదే. చేశాక ఈటీసీ ఫోల్డర్‌లోని మెషిన్-ఐడీ ఫైలును ఖాళీ చేసి, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలను కొత్తగా పుట్టించాలి. ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీకి తన గుర్తింపును మెషిన్-ఐడీ నుంచే తయారుచేసుకుంటుంది. కాబట్టి మ్యాక్ చిరునామాలు వేరైనా రెండు నోడ్లకు ఒకే ఐపీ వచ్చి, ఒకటి వస్తే ఇంకొకటి పోతూ ఉంటుంది.

ఏ సాఫ్ట్‌వేర్

విడివిడి ముక్కల పనికి పెద్ద ఏర్పాట్లు వద్దు. ఎస్ఎస్‌హెచ్ కీలు, అందరికీ కనిపించే ఒక ఎన్ఎఫ్ఎస్ ఫోల్డర్, పనులను మెషిన్లకు పంచే గ్నూ ప్యారలల్ ఉంటే ఒక సాయంత్రంలో క్లస్టర్ తయారు. బ్లెండర్‌కైతే రెండర్ పనులు పంచే ఫ్లమెంకో చూడండి. బోయింక్‌లో ఒక్కో పనికి గడువు ఉంటుంది, రోజుకు రెండు గంటలే ఆన్ చేసే నెమ్మది మెషిన్ గడువు దాటించి చేసిన పని వృథా అవుతుంది. అందుకని నిల్వ ఉంచుకునే పనుల రోజుల సంఖ్య తగ్గించండి.

కంపైల్ పనిని మెషిన్లకు పంచడానికి డిస్ట్‌సీసీ తేలిక. అన్ని మెషిన్లలో కంపైలర్ వెర్షన్ ఒకటే ఉండాలి. ప్రీప్రాసెసింగ్, చివరి లింకింగ్ రెండూ మీ ముందున్న మెషిన్ మీదే జరుగుతాయి కాబట్టి సహాయకులు మూడు నాలుగు దాటాక లాభం అణగారిపోతుంది. బయటి నెట్‌వర్క్‌కు దాని పోర్టు తెరవకండి, వచ్చినవాడెవడని అది గట్టిగా అడగదు.

ఎంపీఐ పనులు, లేదా ఇద్దరు ముగ్గురు వాడే క్లస్టర్ అయితే పనులను వరుసలో పెట్టి నోడ్లకు ఇచ్చే స్లర్మ్, ఓపెన్ ఎంపీఐ. నేర్చుకోవడానికి దీనికి సాటి లేదు, పెద్ద కంప్యూటింగ్ కేంద్రాల్లో వాడేదీ ఇదే. తలనొప్పులు ఎక్కువగా ఎక్కడ వస్తాయో ముందే తెలిస్తే రెండు వారాల శ్రమ మిగులుతుంది.

స్లర్మ్ నోడ్ల గుర్తింపును మంజ్ అనే చిన్న సేవ చూసుకుంటుంది. దాని కీ ఫైలు అన్ని నోడ్లలో అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి, యూజర్ నంబర్లు కూడా ఒకటే ఉండాలి. మంజ్ ఇచ్చే పత్రం 300 సెకన్లే చెల్లుతుంది. పాత మదర్‌బోర్డుల మీద సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, ప్లగ్ తీసి పెట్టగానే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. నోడ్ బూట్ అవుతుంది, పింగ్ పలుకుతుంది, లాగిన్ కూడా అవుతుంది, స్లర్మ్ మాత్రం దాన్ని దగ్గరికి రానివ్వదు. అన్ని బోర్డులకూ కొత్త బ్యాటరీలు వేసి, క్రోనీని హెడ్ నోడ్‌తో గడియారం కలుపుకునేలా పెట్టండి.

డెబియన్, ఉబుంటు రెండూ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు హోస్ట్స్ ఫైలులో మెషిన్ పేరుకు 127.0.1.1 (తనలోకే తిరిగొచ్చే చిరునామా) అని రాసేస్తాయి. ఎంపీఐ తన చిరునామా అదేననుకుని పక్క నోడ్‌కి చెబుతుంది, పక్క నోడ్ తనకు తానే ఫోన్ చేసుకుని కూర్చుంటుంది. ఆ వరుస తీసేసి, అన్ని నోడ్ల అసలు చిరునామాలు అందులో రాయండి. నోడ్లలో డాకర్ ఉంటే దాని వర్చువల్ ఇంటర్‌ఫేస్ కూడా ఎంపీఐ కంటపడుతుంది. పని మొదలై, మొదటి సందేశం దగ్గర కదలకుండా ఆగిపోతే ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ. ఏ ఇంటర్‌ఫేస్ వాడాలో ఎంపీఐకి పేరు పెట్టి చెప్పాలి. నోడ్ల మధ్య ఫైర్‌వాల్ ఉంటే ఎంపీఐ ఎప్పటికప్పుడు ఎంచుకునే పోర్టులు మూసుకుపోతాయి, క్లస్టర్ సబ్‌నెట్‌ను మొత్తంగా అనుమతించండి.

మెమరీ అంకె విషయంలోనూ తడబడతారు. 8 జీబీ ఉంది కదా అని స్లర్మ్ సెట్టింగుల్లో 8192 రాస్తే నోడ్ డ్రెయిన్ స్థితిలోకి (కొత్త పనులు రాని స్థితి) పోతుంది. లోపలి గ్రాఫిక్స్ కొంత ర్యామ్ తీసేసుకుంటుంది. స్లర్మ్‌డీని పెద్ద సీ ఆప్షన్‌తో నడిపితే ఆ నోడ్‌కి రాయాల్సిన వరుసను అదే ముద్రించి ఇస్తుంది, అందులోని మెమరీ అంకె కంటే ఒక వంద తగ్గించి రాయండి.

సర్వీసులు నడపడం, ఒక మెషిన్ పోయినా మిగతావి అందుకోవడం నేర్చుకోవాలంటే సర్వీసులను మెషిన్లకు పంచి చూసుకునే కే3ఎస్ తీసుకోండి. సర్వర్ నోడ్‌కి 2 జీబీ, పనివాడు నోడ్‌కి 512 ఎంబీ ర్యామ్ ఉన్నా మొదలవుతుంది. సర్వర్ నోడ్లు ఒకటి ఉండాలి, లేదా మూడు. రెండు పెడితే ఒకటి పోగానే మెజారిటీ పోయి రెండోది కూడా ఆగుతుంది, ఒకటే ఉన్నప్పటికన్నా అధ్వాన్నం. మూడు పెట్టినప్పుడు క్లస్టర్ స్థితిని దాచే ఈటీసీడీ డేటాబేస్ ప్రతి రాతనూ డిస్క్‌కి చేరిందని రూఢి చేసుకుంటుంది, పాత హార్డ్ డిస్క్ మీద ఆ ఆలస్యానికి నాయకుడి ఎన్నికలు మళ్లీ మళ్లీ జరుగుతూ క్లస్టర్ తూలుతుంది. సర్వర్ నోడ్లకు ఎస్ఎస్‌డీ తప్పనిసరి. సెఫ్ నిల్వ వ్యవస్థను 4, 8 జీబీ మెషిన్ల మీద వేయవద్దు, ఒక్కో డిస్క్‌కే డిఫాల్ట్‌గా 4 జీబీ మెమరీ లక్ష్యంగా పెట్టుకుంటుంది.

కరెంటు, వేడి

ఒక వాట్ ఏడాదంతా లాగితే 8.76 యూనిట్లు. పని లేకుండా ఊరికే 50 వాట్లు లాగే డెస్క్‌టాప్‌లు నాలుగుంటే ఏడాదికి 1752 యూనిట్లు. మీ యూనిట్ ధరతో గుణించి చూడండి. చాలాసార్లు ఆ మొత్తంతో తక్కువ కరెంటు లాగే మెషిన్ ఒకటి వచ్చేస్తుంది. కాబట్టి లెక్కల నోడ్లను పని ఉన్నప్పుడే లేపండి. బయోస్‌లో వేక్ ఆన్ ల్యాన్ ఆన్ చేసి, ఈఆర్‌పీ లేదా డీప్ స్లీప్ అన్నది ఆఫ్ చేయాలి, లేకపోతే ఆఫ్ అయ్యాక కార్డుకి కరెంటే అందదు. స్లర్మ్ తనంతట తానే నోడ్లను పడుకోబెట్టి లేపగలదు, కానీ లేవడానికి అది ఇచ్చే గడువు మామూలుగా 60 సెకన్లు. పాత మెషిన్ బయోస్ దాటడానికే సగం అయిపోతుంది, గడువు దాటితే నోడ్ చచ్చిందని రాసేసుకుంటుంది. దాన్ని 300 చేయండి. నోడ్లన్నీ ఒకేసారి లేవకుండా పది సెకన్ల తేడాతో లేపండి. మొదటి క్షణంలో పవర్ సప్లైలు లాగే కరెంటు చాలా ఎక్కువ, ఎక్స్‌టెన్షన్ బోర్డు దాన్ని తట్టుకోలేకపోవచ్చు.

నడపడానికి ముందు ప్రతి మెషిన్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ ఒక రాత్రి నడవాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ కర్రను తీసేయండి. క్లస్టర్‌లో చెడ్డ ర్యామ్ క్రాష్ ఇస్తే అదృష్టం, తప్పు జవాబు ఇస్తే మీకు తెలియనే తెలియదు. తర్వాత అరగంట స్ట్రెస్-ఎన్‌జీ పెట్టి ఉష్ణోగ్రత, ఫ్రీక్వెన్సీ గమనించండి. చివరగా క్లస్టర్ మొత్తం వేగం కొలిచే హెచ్‌పీఎల్. మాత్రిక పరిమాణానికి, మొత్తం ర్యామ్ బైట్లలో 80 శాతాన్ని 8తో భాగించి వర్గమూలం తీయాలి. 8 జీబీ నోడ్లు నాలుగైతే సుమారు 58,600 వస్తుంది, బ్లాకు 192 అనుకుంటే 58,560 పెట్టండి. గరిష్ఠ వేగంలో సగానికి కాస్త అటూఇటూ వచ్చినా గిగాబిట్ మీద అది తప్పు కాదు. ఐ5-3470ల క్లస్టర్‌కు శాతం ఎక్కువ, ఐ5-4590లకు తక్కువ వస్తే కంగారు పడకండి. ప్రాసెసర్ వేగం రెట్టింపై తీగ అక్కడే ఉండిపోయినప్పుడు అలాగే ఉంటుంది.

చేతిలో ఉన్నవాటిని బట్టి

ఒకే మోడల్ హాస్‌వెల్ లేదా స్కైలేక్ డెస్క్‌టాప్‌లు నాలుగుంటే స్లర్మ్, ఎంపీఐ, గిగాబిట్ స్విచ్. ర్యామ్ ఒక్కోదానికి 8 జీబీ, రెండు 4 జీబీ కర్రలుగా. ఒకే 8 జీబీ కర్ర పెడితే మెమరీ వేగం సగమవుతుంది.

ల్యాప్‌టాప్‌లే మూడు నాలుగు ఉంటే కే3ఎస్. సర్వీసులకు లోడ్ తక్కువ, బ్యాటరీ ఆసరా, నిశ్శబ్దం, అన్నీ కలిసొస్తాయి.

కోర్ 2 మెషిన్లు మాత్రమే ఉంటే ఇద్దరు ముగ్గురికి ఎంపీఐ పాఠం చెప్పడానికి రెండు ఉంచుకుని, మిగతావాటి నుంచి కేబుళ్లు, ఫ్యాన్లు, స్క్రూలు తీసుకుని ఈ-వ్యర్థాల సేకరణకు ఇచ్చేయండి.

పాత, కొత్త తరాలు కలగలిసి ఉంటే స్లర్మ్‌లో తరానికొక పార్టిషన్ (నోడ్ల గుంపు) చేయండి. సొంత ప్రోగ్రాములను కంపైల్ చేసేటప్పుడు నేటివ్ ఆప్షన్ వాడవద్దు. హాస్‌వెల్ మీద అలా కంపైల్ చేసినది ఐవీ బ్రిడ్జ్ నోడ్‌కి చేరగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని కూలిపోతుంది. పార్టిషన్‌కొకటి విడిగా కంపైల్ చేయండి, లేదా అన్నిటికన్నా పాత తరం పేరును మార్చ్ ఆప్షన్‌కి ఇవ్వండి. రెండర్ ఫ్రేముల్లాంటి విడి పనులను జాబ్ అరేగా (ఒకే రకం పనుల వరుసగా) మార్చి రెండు పార్టిషన్ల పేర్లూ ఇస్తే ఏది ముందు ఖాళీ అయితే అది తీసుకుంటుంది. ఎంపీఐ పనిని మాత్రం ఒకే పార్టిషన్‌లో ఉంచండి.